సంతకాలు పెద్దలవి.. కాపలా మనది

(బి.కొత్తకోటలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మండల కమిటీ వేసుకుందామని ఇక్కడ కూర్చున్నాం. అధ్యక్షుడు ఎవరు, కార్యదర్శి ఎవరు అనే మాట కాసేపు పక్కన పెడదాం. మనకంటే ముందు ఈ గడ్డ మీద సంఘాలు కట్టినవాళ్లు ఏం సాధించారు, ఎక్కడ ఆగిపోయారు? అది తెలుసుకున్నాక పేర్లు రాసుకుందాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లను చూసి కొందరు ఒక మాట అంటుంటారు. 'మీరు బెంగళూరుకు దగ్గరోళ్లు, మీకు సీమతో పనేంటి?' అని. దీనికి జవాబు మన మండలంలోని కొండే చెబుతుంది. ఏనుగు మల్లమ్మ కొండకు హార్స్లీ పేరు ఎలా వచ్చింది? హార్స్లీ కడప కలెక్టరు. అప్పట్లో మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లాలోవి. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన దత్త మండలాల్లో మన నేల ఉంది. పుంగనూరు జమీందారీ, కుప్పం వైపు కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడి ఈ మూడింటినీ ఒక గూటికి చేర్చింది. దారులు వేరైనా కరువు ఒక్కటే, కష్టం ఒక్కటే.

'దత్త మండలాలు' అంటే ఎవరో ఎవరికో ఇచ్చేసిన ఊళ్లు అని అర్థం. ఆ పేరు మోయడం మన పెద్దలకు అవమానం అనిపించింది. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ఆ పేరు తీసేసి 'రాయలసీమ' అని పెట్టుకున్నారు. ఆరేళ్లకు, 1934 జనవరిలో, మద్రాసులో రాయలసీమ మహాసభ మొదటి సమావేశం జరిగింది. నెమలి పట్టాభిరామారావు అధ్యక్షత వహించారు. మన ప్రాంతం పేరుతో పుట్టిన మొదటి రాజకీయ వేదిక అదే. అందులో ఎక్కువమంది ప్లీడర్లు, శాసనసభల్లో కూర్చున్నవాళ్లు, చదువుకున్న పెద్దమనుషులు. ఆంధ్ర రాష్ట్రం వస్తే రావచ్చు, మా వాటా ఏంటో ముందు చెప్పండి అని అడిగింది వాళ్లే. ఆ ధైర్యానికి మనం దండం పెట్టాల్సిందే.

ఆ అడగడం వల్లే 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంటి పేరు శ్రీబాగ్. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు వంటివాళ్లు సంతకాలు చేశారు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో పదేళ్లో, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలమో రాయలసీమకు, నెల్లూరుకు మొదటి హక్కు అన్నారు. రాజధాని, హైకోర్టు వేర్వేరు చోట్ల ఉండాలని, ఏది కావాలో ఎంచుకునే హక్కు ముందు సీమదేనని రాశారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. మూడేళ్లు తిరగ్గానే, 1956 నవంబరు 1న, హైదరాబాదుకు తరలిపోయింది. అదే 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. తిరుపతికి 1954లో విశ్వవిద్యాలయం వచ్చింది గానీ, ఒడంబడికలో పేరు రాసిన అనంతపురానికి 1981లో వచ్చింది. 44 ఏళ్లు! రాష్ట్రం విడిపోయాక 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతి కేంద్రంగా మొదలైంది. కర్నూలుకు బెంచి ఇవ్వాలని శాసనసభ 2024లో తీర్మానం చేసింది. ఎంచుకునే మొదటి హక్కు ఉన్నవాళ్లకు చివరికి ఒక బెంచి తీర్మానం మిగిలింది.

నీళ్ల సంగతి మన ఇంటి సంగతి. హంద్రీ-నీవా అంటే శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తిపోసి, నాలుగు జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు పారించే పథకం. శంకుస్థాపనలు ఎన్ని జరిగాయో మనకంటే శిలాఫలకాలకు బాగా తెలుసు. 2012లో మొదటి దశలో నీళ్లు ఎత్తారు. కుప్పం కాలువలో ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చింది 2025 ఆగస్టులో. ఒడంబడిక రాసిన 88 ఏళ్లకు! ఆ నీళ్లు కూడా నికర జలాలు కావు, వరద వస్తే పారేవి. మనం కాలువ చివరన ఉన్నాం. పైన తూము ఎత్తితే మనకు చెమ్మ, దించితే దుమ్ము. మదనపల్లె టమోటా మండీకి పేరు దేశమంతా పోయింది. ఆ టమోటా పండించే రైతు మాత్రం బోరు మీద బోరు వేసి అప్పులు చేస్తున్నాడు.

ఇంత జరుగుతుంటే మహాసభ ఏమైంది? సంతకాలు పెట్టినవాళ్లు పెద్దవాళ్లే. అయితే ఆ కాగితానికి తాలూకాల్లో, ఊళ్లలో కాపలా లేదు. పెద్దలు పదవుల్లోకి, పార్టీల్లోకి పోయాక అడిగే నోరు లేకుండా పోయింది. 1980లలో ప్రొద్దుటూరు నుంచి ఎం.వి.రమణారెడ్డి రాయలసీమ విమోచన సమితి పెట్టారు. 1986 జనవరిలో వై.ఎస్.రాజశేఖరరెడ్డి నాయకత్వంలో లేపాక్షి నుంచి పోతిరెడ్డిపాడు దాకా పాదయాత్ర సాగింది. సీమ కదిలింది. తర్వాత చల్లారింది. నాయకుడు లేస్తే లేవడం, నాయకుడు కూర్చుంటే కూర్చోవడం మనకు అలవాటైపోయింది.

తెలంగాణ వాళ్లకూ ఈ దెబ్బ తగిలింది. తెలంగాణ ప్రజా సమితి 1971లో 10 లోక్‌సభ సీట్లు గెలిచి, ఆ ఏడాదే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ పాఠం వాళ్లు మరిచిపోలేదు. 2009 డిసెంబరు తర్వాత జేఏసీలు ఊరూరా లేచాయి. టీచర్లకు ఒకటి, లాయర్లకు ఒకటి, విద్యార్థులకు ఒకటి. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నిలబడిందంటే ఆ పునాది మీదే. మన దగ్గర కూడా 2016 మే 31న సిద్ధేశ్వరం అలుగుకు రైతులే కదిలి వెళ్లి శంకుస్థాపన చేశారు. పోలీసులు ఆపినా ఆగలేదు. ఆ రైతులను చూసి నేర్చుకుందాం.

మరి మన కమిటీ చేయాల్సిన పనేంటి?

మొదటిది, నీళ్ల పుస్తకం. మన మండలానికి కాలువ నీళ్లు ఏ రోజు వచ్చాయి, ఏ చెరువు నిండింది, ఎన్నాళ్లు ఉన్నాయి అని రాసిపెట్టాలి. ఇది విద్యార్థులు చేయగల పని.

రెండోది, ఉద్యోగాల లెక్క. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో మన నాలుగు జిల్లాలు నాలుగో జోన్. స్థానికుల కోటా పోస్టుల్లోకి ఎవరు వచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. దరఖాస్తు రాయడం ఉద్యోగ మిత్రులు నేర్పాలి.

మూడోది, శ్రీబాగ్ ఒడంబడికను ప్రతి కాలేజీలో చదివి వినిపించాలి. అది ఒక పూటలో అయిపోయే పని.

నాలుగోది, కమిటీలో కౌలు రైతు ఉండాలి, దళితవాడ నుంచి మనిషి ఉండాలి, ఆడవాళ్లు ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయికీ నెలనెలా లెక్క చెప్పాలి. పెద్దమనుషుల సభగా మిగిలితే మహాసభకు పట్టిన గతే మనకూ పడుతుంది.

చివరగా ఒక కఠినమైన ప్రశ్న. రేపు రాష్ట్రమే వచ్చిందనుకుందాం. నీళ్లు కర్నూలు దాటి, అనంతపురం దాటి కొత్తకోట దాకా వస్తాయా? కోస్తా పెద్దలు చేసిన పనే రేపు సీమ పెద్దలు చేయరని నమ్మకమేంటి? నమ్మకం కాగితంలో ఉండదు. అడిగే సంఘంలో ఉంటుంది. రాష్ట్రం రాకముందు ఎంత అవసరమో, వచ్చాక అంతకు రెట్టింపు అవసరం ఈ కమిటీ.

ఇప్పుడు పేర్లు రాసుకుందాం. పదవి కోసం వచ్చేవాళ్లు వెనక కూర్చోండి. నీళ్ల పుస్తకం ఎవరు రాస్తారో వాళ్ల పేరు ముందు చెప్పండి.

జై రాయలసీమ!