సెల్ఫ్ తీసుకోని కారు: నాడి చూచే విధానము
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పంచాంగ శ్రవణమూ, కవిసమ్మేళనమూ ముగిసిన తర్వాత ఒక మోటారు పనివాణ్ణి వేదిక ఎక్కించటం మన సంఘంవారి సాహసమే. సాహిత్యం నాకు చేతకాదు. నా చేతికి తెలిసిన విషయం ఒక్కటి మనవి చేస్తాను. ఒక పూట బాగుండి, మరొక పూట మొరాయించే కారును గురించి.

ముందుగా ఒక భేదం గ్రహించాలి. ఇంజను గిరగిర తిరిగి కూడా అందుకోకపోవటం ఒకటి. అసలు తిరగనే తిరగకపోవటం మరొకటి. మొదటిదానికి పెట్రోలు, స్పార్కు చూడవలె. రెండవదాన్నే మనం సెల్ఫ్ తీసుకోలేదంటాము. నేటి ప్రసంగం దానికే పరిమితం.

అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చింది. అంతకు ముందు హ్యాండిలుతో తిప్పటమే. మన అంబాసడరు కార్లకు కూడా ముందునుంచి హ్యాండిలు పెట్టి తిప్పిన రోజులు పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఈనాటి కార్లకు ఆ ఆధారం లేదు. సెల్ఫ్ మొరాయిస్తే మనిషి నడిరోడ్డున నిలవవలసిందే.

2012 వేసవిలో బళ్ళారిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు తమ కారు నా దగ్గరకు తెచ్చారు. వారి ఇల్లాలికి వారానికి రెండుసార్లు డయాలిసిస్. తిరిగి వచ్చేటప్పుడు మందుల షాపు దగ్గర కారు ఆపితే మళ్ళీ కదలదు. "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. నా షెడ్డుకు వచ్చేసరికి మాత్రం బుద్ధిమంతురాలై మొదటి తిప్పుకే అందుకొంటుంది. బ్యాటరీకి మీటరు పెట్టాను, 12.5 వోల్టులు, దోషం లేదు. కాని ఒకసారి దారిన పోయే వ్యానువారు తమ బ్యాటరీ నుంచి వైర్లు కలిపితే వెంటనే స్టార్టయిందని చెప్పారు. అయితే బ్యాటరీయే అని తేల్చి కొత్తది వేయించాను. పదిరోజులకు మళ్ళీ అదే కథ. ఈసారి సెల్ఫ్ మోటారు మార్చాను. రెండు వారాలు బాగున్నది. తర్వాత మళ్ళీ మొరాయించింది.

ఆ రోజు మాస్టారు కోపపడలేదు. "నాయనా, డబ్బు సంగతి అట్లా ఉంచు. ఆమె అరగంటసేపు ఎండలో కూర్చున్నది" అన్నారు. ఆ మాట నాకు ఈనాటికీ మరపు రాదు.

మరునాడు మధ్యాహ్నం నేనే ఆ కారు తీసుకొని ఊరంతా తిప్పాను. ఇంజను బాగా కాగిన తర్వాత ఆపాను, మళ్ళీ తాళం తిప్పాను. ఇట్లా మూడవసారికి "టక్" మన్నది. దొంగ దొరికాడు. తాళం తిప్పి పట్టుకొమ్మని కుర్రవాడికి చెప్పి హెడ్ లైట్లు చూశాను, ఏమాత్రం మసకబారలేదు. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మొనమీద, రెండవ కొస ఇంజను ఇనుముమీద పెట్టాను. అక్కడ 0.2 వోల్టులకు మించి కనబడరాదు. ఐదు వోల్టులు కనబడింది! ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ కొస, మడ్డి క్రింద, తుప్పుపట్టి కొద్ది పోగులమీద నిలిచి ఉన్నది. వేడికీ అదురుకూ ఆ కాస్త పట్టు సడలుతున్నది. లైట్లకు ఎర్త్ బాడీనుంచి, సెల్ఫుకు ఎర్త్ ఇంజనునుంచి. అందువల్లనే లైట్లు వెలుగుతున్నాయి, సెల్ఫ్ తిరగటం లేదు.

వ్యానువాళ్ళ వైద్యం ఎందుకు పనిచేసిందో అప్పుడు తెలిసింది. వారు నల్లవైరును ఇంజను ఇనుముకు తగిలించారు. ఆ వైరే ఎర్త్ పట్టీ పని చేసింది. నేను బ్యాటరీని నిందించాను. మోటారు మార్చినప్పుడు ఆ పట్టీ కాస్త కదిలి రెండు వారాలు పట్టు ఇచ్చింది. పాత మోటారు మళ్ళీ బిగించి, కొత్తదాని డబ్బు మాస్టారికి తిరిగి ఇచ్చాను. పాత మోటారు నిక్షేపంగా తిరిగింది.

మరి బ్యాటరీకి మీటరు పెట్టినప్పుడు ఈ దోషం ఎందుకు బయటపడలేదు? ఓము అనే జర్మను పండితుడు 1827లో ప్రకటించిన సూత్రమే జవాబు. మీటరుకు కావలసిన కరెంటు అతి స్వల్పం. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా పూర్తి వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ మోటారు లాగే కరెంటు సుమారు 150 ఆంపియర్లు. అప్పుడు దారిలో ఓములో యాభయ్యో వంతు నిరోధం ఉన్నా మూడు వోల్టులు అక్కడే హరించిపోతాయి. కాబట్టి బరువు పడ్డప్పుడే పరీక్ష చేయవలె. తాళం తిప్పి ఉండగా బ్యాటరీ దగ్గర తొమ్మిదిన్నర వోల్టులకు తగ్గరాదు.

తాళం తిప్పినప్పుడు కారు ఇచ్చే జవాబును బట్టి దారి తెలుస్తుంది. లైట్లు ఆరిపోయినంత పని అయితే బ్యాటరీగాని, దాని మొనల బిగువుగాని చూడండి. లైట్లు వెలుగుతూ "టక్" మంటే లావు వైర్లు, ఎర్త్, సొలినాయిడ్ చూడండి. మోటారును మెల్లగా తడితే తిరిగితే లోపలి బ్రష్షులు అరిగి ఉండవచ్చు. చప్పుడే లేకపోతే రిలే, తాళపు స్విచ్చి, క్లచ్చి స్విచ్చి చూడండి. ఆటోమేటిక్ బండి అయితే న్యూట్రల్‌లో పెట్టి ప్రయత్నించండి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు తీయండి, తిరిగి బిగించేటప్పుడు దాన్ని చివర బిగించండి. హ్యాండు బ్రేకు వేయటం మరువకండి.

కారు యజమానులకు ఒక విన్నపం. కారు మొరాయించిన ప్రతిసారీ ఎండా వానా, ఇంజను వేడా చల్లనా, చప్పుడు ఎట్లా వచ్చింది, లైట్లు ఏమయినాయి, కాగితంమీద వ్రాసుకోండి. ఆ కాగితం మాబోటి పనివానికి సగం వైద్యం.

నా వృత్తిలోని సోదరులకు మరొక విన్నపం. నాడి చూడకుండా మందు వేయకండి. అప్పుడప్పుడు వచ్చే రోగాన్ని అది వచ్చినప్పుడే పట్టుకోవాలి. అందుకు ఒక మధ్యాహ్నం మన పని చెడినా సరే. మనం ఊహతో మార్చే ప్రతి సామానుకూ వెల చెల్లించేది అవతలివారు. ఆ వెల ఒక్కొక్కప్పుడు రూపాయలలో మాత్రమే ఉండదు.

ఈ కొత్త సంవత్సరంలో మీ అందరి ప్రయాణాలూ నిర్విఘ్నంగా సాగాలని కోరుతున్నాను.