గెడ్డలో వేసిన చెత్త సముద్రము చేరును
(రుషికొండలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మీరందరు రుషికొండ తీరమున కొంతసేపు నడచి వచ్చితిరి. ఇసుక శుభ్రముగా నున్నదని పలువురు మెచ్చుకొనిరి. సంతోషము. ఈ తీరమునకు 2020 అక్టోబరు మాసమున 'బ్లూ ఫ్లాగ్' అను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. డెన్మార్కు దేశము కేంద్రముగా గల ఒక సంస్థ నీటి స్వచ్ఛత, పారిశుద్ధ్యము, యాత్రికుల భద్రత మొదలగు 33 అంశములను పరిశీలించి ఆ నీలిజెండా నిచ్చును. ఆ యేడు మన దేశములో ఎనిమిది తీరములకు మాత్రమే అది దక్కగా, రుషికొండ వానిలో నొకటి. అయితే 2025 ఆరంభమున నిర్వహణలో లోపములు కనబడుటచే ఆ గుర్తింపు తాత్కాలికముగా ఉపసంహరింపబడి, లోపములు సవరించిన పిమ్మట తిరిగి లభించినది. గౌరవము ఒకమారు వచ్చినంత మాత్రమున నిలుచునది కాదు. ఈ సంగతి ఎన్నికలలో గెలిచి వచ్చిన మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందాక టీ త్రాగుచు ఒక సభ్యుడు, "మా ఊరికి సముద్రము ఎంతో దూరము. ఈ ఇసుక సంగతి మాకేల?" అని యడిగినారు. అడుగదగిన ప్రశ్నయే. గోస్తనీ నదిని తలచుకొనుడు. అనంతగిరి కొండలలో పుట్టి, తాటిపూడి జలాశయమును నింపి, ఎన్నో గ్రామముల పొలిమేరలను తాకుచు వచ్చి, రుషికొండకు ఉత్తరమున భీమునిపట్నము వద్ద సముద్రములో కలియును. విశాఖ నగరవాసులు త్రాగు నీటిలో కొంత ఆ తాటిపూడి నీరే. మీ ఊరి గెడ్డయు వానకాలములో ఏదో యొక నదిని వెదకుకొనుచు పోవునదే గదా! మనము గెడ్డ గట్టున విసరిన ప్లాస్టిక్కు సంచి కుళ్లదు, కరుగదు. మొదటి పెద్దవానకు ప్రయాణము కట్టును. 2022 ఆగస్టు 26వ తేదీన వేలాదిమంది కలిసి విశాఖ తీరమున ఒక్కనాడే 76 టన్నుల ప్లాస్టిక్కు వ్యర్థములను ఏరివేసినట్లు ప్రభుత్వము ప్రకటించినది. ఏరినవారికి నమస్కారము. కాని అదంతయు ఒడ్డునకు వచ్చిన భాగము మాత్రమే. ఏటేటా శీతకాలమున ఈ తీరమునకు సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. నీటిలో తేలు సంచిని ఆహారమనుకొని మ్రింగిన తాబేలు బ్రతుకుట కష్టము. మీ ఊరి పెంటపోగు కడ సంచులు నమలు ఆవు గతియు నదే.

ఇక నా సంగతి యొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట మా యింట పెండ్లి జరిగినది. మూడు వందల మంది భోజనము చేసిరి. మనిషికి ఒక ప్లాస్టిక్కు పళ్లెము, ఒక గ్లాసు, ఒక నీళ్ల పొట్లము. లెక్క చూచిన తొమ్మిది వందల వస్తువులు. వంటవారు వాని నన్నిటిని మూటగట్టి కల్వర్టు ప్రక్కన పారవేసిరి. ఎక్కడ వేయుదురో నేను అడుగలేదు. తొలకరి వానకు ఆ కల్వర్టు పూడుకొని, మురుగునీరు పల్లమునందున్న రెండిండ్లలో చొరబడినది. ఆ యిండ్లవారు మా పెండ్లికి వచ్చి ఆశీర్వదించి పోయినవారే. వారు నన్ను ఒక్క మాట యనలేదు. అనియుండిన బాగుండెడిది.

అందుచేత పంచాయతీలకు నేను మొదట చెప్పునది విందు భోజనముల విషయమే. ఇంటింట రోజు పడు చెత్త కొంచెము. ఒక్క విందుతో పడు చెత్త కొండంత. పంచాయతీ గాని, మహిళా సంఘము గాని మూడు వందల స్టీలు పళ్లెములు, గ్లాసులు కొని యుంచి, స్వల్పమైన అద్దెకు ఇయ్యవచ్చును. పోయినవానికి వెల కట్టించుకొనవలెను. కడుగువారికి కూలి అద్దెలోనే చేర్చవలెను. ఈ పనిని ఊరిలో పేదరాలి నెత్తిన ఉచితముగా రుద్దరాదు. ఆకులో భోజనమే కావలెనన్న, పాడేరు, అరకు ప్రాంతముల గిరిజనులు అడవినుండి తెచ్చు అడ్డాకుల విస్తళ్లు కలవు. వానిని కొన్న నాలుగు డబ్బులు కొండమీది కుటుంబములకు చేరును. అయితే చూచి కొనవలెను. నేడు ఆకు విస్తరి అడుగునను, కాగితపు గ్లాసు లోపలను పలుచని ప్లాస్టిక్కు పొర నంటించి అమ్ముచున్నారు. అట్టివి పశువు తినరాదు, పెంటలో కుళ్లవు.

ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగువానిని కేంద్ర ప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించినది. 120 మైక్రానులకంటె పలుచని సంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. చట్టము కలదు, అయినను సంతలో సంచులు కనబడుచునే యున్నవి. చిన్న దుకాణదారుని మాత్రమే పట్టి జరిమానా వేయుట న్యాయమని నాకు తోచదు. కొనువాడు చేతిసంచి తెచ్చిన అమ్మువాడు కవరు ఇయ్యడు. అది అతనికి ఖర్చు తగ్గుటయే. మన తాతలు సంతకు గుడ్డసంచి లేక వెళ్లెడివారు కారు. నూనెకు సీసా, పాలకు చెంబు ఇంటినుండియే పోయెడివి.

తడిచెత్త, పొడిచెత్త వేరుచేయుట గూర్చి మీరు పలుమారులు విని యున్నారు గనుక క్లుప్తముగా చెప్పెదను. కూరగాయల తొక్కలు, పేడ, ఆకులు గోతిలో వేసిన ఎరువగును. వానిలో ప్లాస్టిక్కు కలిసిన ఎరువును రైతు ముట్టడు. చెత్త నుండి సంపద తయారుచేయు షెడ్డు మీ ఊరిలో నున్న, అది తాళము వేసి యున్నదో, పనిచేయుచున్నదో ఇంటికి పోయిన మరునాడే చూడుడు. చెత్తకుప్పకు నిప్పు పెట్టుట మాత్రము వెంటనే మానిపింపుడు. ప్లాస్టిక్కు కాలిన పొగలో విషవాయువులుండును. ఆ పొగను ముందుగా పీల్చునది ప్రక్కన ఆడుకొను బిడ్డలు.

ఇవన్నియు ఒక్కసారిగా సాగవు. రాబోవు సమావేశమున టీ గాజు గ్లాసులలో ఇప్పింపుడు, త్రాగునీటికి కుండ పెట్టింపుడు. అదే రోజున పళ్లెముల కొనుగోలును చర్చకు పెట్టి, వాని భద్రము ఎవరిది, అద్దె ఎంత, కడుగుకూలి ఎంత అని వ్రాసికొని గ్రామసభలో చదివి వినిపింపుడు. మీ ఊరిలో రాబోవు పెండ్లి ఎవరి యింటనో మీకు తెలిసియే యుండును. ముహూర్తము పెట్టుకొనకముందే వారి యింటికి పోయి మాటలాడుడు.