ఊపిరికీ ప్రమాద హెచ్చరికలు వున్నాయి

(పర్ణశాలలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గేదె దగ్గితే ఆ పూటే పశువైద్యునికి కబురు పెడతాం. ఆ గేదెకు మేత వేసే మనిషి నెలల తరబడి దగ్గుతుంటే మాత్రం "దుమ్ము పని, మామూలే" అని సరిపెట్టుకుంటాం. యీ "మామూలే" అనే మాట గురించే నేడు మనవి చేయదలిచాం.

పనిలో ప్రమాదమంటే మనకు ముందుగా తోచేవి గడ్డివాములో పాము, గేదె కొమ్ము, మిరప కల్లంలో ఘాటు. వెంటనే బాధ పెట్టేవాటికి భయపడతాం. వరిగడ్డి దుమ్ముకు ఘాటు లేదు, తవుడుకు కోరలు లేవు. కాబట్టి వాటికి భయపడం. ఉబ్బసం వస్తే వంశంలో వున్నదనో, చలిగాలి పడలేదనో అనుకుంటాం. అవీ కారణాలు కావచ్చు. కాని పని కూడా ఒక కారణం కావచ్చునని తట్టదు.

ధాన్యం జల్లించే వారికి దుమ్ము వల్ల ఆయాసం వస్తున్నదని ఇటలీ వైద్యుడు రామజ్జిని 1700లోనే రాశాడు. పాడికి పేరుపొందిన ఫిన్లాండులో ఆవు ఒంటి నుండి రాలే పొడి రైతుల ఉబ్బసానికి ముఖ్య కారణమని వైద్యులు గుర్తించారు. దాణా పొడి, నిల్వ గడ్డిలోని బూజు, కంటికి ఆనని పురుగులు కూడా ఇటువంటివే.

"ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, అలవాటైంది" అంటారు కొందరు. యీ జబ్బులో జరిగేది దానికి తలకిందులు. నెలలు, ఏళ్ళు యే బాధా లేకుండా గడిచి, ఒంటికి ఆ దుమ్ము పడకుండా పోతుంది. ఆ తరువాత కొంచెం దుమ్ముకే ఊపిరి బిగుస్తుంది.

గోదావరి ఒడ్డు వారికి హెచ్చరికలంటే యేమిటో చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటిది, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన వరదలు చూసిన వారు మొదటి హెచ్చరికకే సామాను సర్దుకుంటారు. ఊపిరికీ అటువంటి మెట్లే వున్నాయి.

మొదటిది: మేత వేసేటప్పుడు తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళు దురద.

రెండవది: పని చేసిన రోజు రాత్రి దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. చుట్టాల ఊరికి వెళ్ళి నాలుగు రోజులుంటే తగ్గి, తిరిగి వస్తే మొదలవుతాయి.

మూడవది: పనికి దూరంగా వున్నా ఆయాసం తగ్గకపోవడం.

మొదటి రెండింటిలోనే వైద్యుని చూడాలి. పని ఏమిటో, యే రోజుల్లో బాధ యెక్కువో తప్పక చెప్పాలి. భద్రాచలం ఏరియా ఆసుపత్రి మనకు దగ్గరలోనే వున్నది. మాట్లాడలేనంత ఆయాసం వస్తే ఒక్క గడియ కూడా ఆగరాదు. పీల్చే మందుకు బానిసలవుతామన్న భయం వద్దు. వైద్యుడు చెప్పినట్లు వాడితే, మందు సరాసరి ఊపిరితిత్తులకే చేరుతుంది.

ఇంకొక మాట. బూజు గడ్డి విప్పిన కొద్ది గంటలకు చలి, జ్వరం, ఆయాసం వచ్చే జబ్బు వేరే వున్నది. మన ఏజెన్సీలో జ్వరమంటే మలేరియా అనుకుంటాం. రక్త పరీక్ష చేయించవలసిందే. మలేరియా కాదని తేలితే గడ్డి సంగతి వైద్యునికి చెప్పాలి.

జబ్బు తెలిసీ దాచుకునే వారు లేకపోలేదు. ఆయాసమని చెబితే కూలికి పిలవరని, గేదెలు అమ్ముకోవాల్సి వస్తుందని వారి భయం. అది అర్థం లేని భయం కాదు. అందుకే "పని మానెయ్యి" అని ఊరికే సలహా ఇవ్వడం తగదు. పని తీరు మార్చాలి.

గడ్డి బాగా ఆరిన తరువాతే వాము వేయాలి. బూజు పట్టినది పశువుకూ మంచిది కాదు, వేరు చేయాలి. తవుడు, చెక్క పొడి ఎత్తి పోయకుండా నీళ్ళతో తడిపి కలపాలి. గడ్డి విప్పేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడరాదు. తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు, కరోనా కాలంలో చూసిన ఎన్-95 మాస్కు మేలు. పాకలో గాలి ఆడాలి, చుట్ట, బీడీ మానాలి.

ఆయాసం వున్న మనిషికి దాణా బస్తాల పని తప్పించి, పాలు కొలిచే పనో, లెక్క రాసే పనో ఇవ్వడం సంఘం చేతిలో వున్న పని. ఇంట్లోనూ అంతే. తవుడు కలిపే పని యెప్పుడూ ఆడవారిదే కానక్కరలేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో పాల ధరతో పాటు యీ విషయం కూడా చర్చకు పెట్టవలసిందిగా అన్ని సంఘాలనూ కోరుతున్నాం.