చర్మవ్యాధులకు దూరవైద్యము: ఖర్చు ఎవరి లెక్కలోనిది?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తామర, గజ్జి లేని పల్లె అరుదు. ఇవి ప్రాణము తీయవు గదా యని మనము వానిని తేలికగా చూతుము. కాని రాత్రియెల్ల గోకికొనుచు నిద్రలేక గడిపిన కూలివానికి మరునాడు పని సాగదు. ఇంటిలో ఒకరికి సోకిన గజ్జి క్రమముగా అందరికిని ప్రాకును. చర్మవైద్య నిపుణుడు సాధారణముగా పట్టణములోని పెద్దాసుపత్రిలో ఉండును. రోగి అచ్చటికి పోవుట మేలా? ఊరి ఆరోగ్య ఉపకేంద్రము నుండియే ఫోటో పంపి, ఫోనులో వైద్యుని సలహా పొందుట మేలా? ఏది చౌక?

ప్రభుత్వాసుపత్రిలో వైద్యము ఉచితము. ప్రయాణము ఉచితము కాదు. ఉదాహరణకు ఒక లెక్క వేయుదము. రోగికిని, తోడు వచ్చినవానికిని బస్సు ఛార్జీలు 200 రూపాయలు, భోజనము 100, ఇద్దరి దినకూలి 800 అనుకొనుడు. మొత్తము 1,100 రూపాయలు. మరల ఒకసారి చూపించుకొనవలసిన 2,200. నేడు ఉభయ తెలుగు రాష్ట్రములలోను కొన్ని తరగతుల ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. అయినను పోయిన కూలి తిరిగి రాదు. ఈ మొత్తము ఆసుపత్రి పద్దులో ఎచ్చటను కనిపించదు. రోగి మూటలోనుండియే పోవును.

అట్లని దూరవైద్యము ఎల్లవేళల చౌక యనుకొనరాదు. బ్రిటనులో తెరపై ప్రత్యక్షముగా చూచి చేసిన చర్మవైద్యమును 204 మంది రోగులతో పరిశీలించి, ఫలితములను 2000లో ప్రకటించిరి. ఆ పద్ధతిలో రోగి ఒక్కంటికి 132 పౌనులు కాగా, ఆసుపత్రికి పోయినచో 49 పౌనులే అయినవి. రోగుల రానుపోను దూరము సగటున 26 కిలోమీటర్లే యగుట, ఖరీదైన పరికరములకు తగినంత పని లేకపోవుట ఇందుకు ముఖ్య కారణములు. దూరము 78 కిలోమీటర్లై, వారమునకొక పూట పరికరములను వినియోగించినచో రెండును సమానమగునని వారు తేల్చిరి.

అమెరికాలో 391 మంది మాజీ సైనికులపై చేసిన పరిశీలన 2015లో వెలువడినది. ఫోటోలు పంపు ఆ పద్ధతిలో ప్రభుత్వ శాఖకైన ఖర్చులో చెప్పుకోదగిన భేదము లేదు. రోగుల ప్రయాణమును, కాలమును కూడ లెక్కించినప్పుడు మాత్రము దూరవైద్యమునకు 460 డాలర్లు, నేరుగా పోవుటకు 542 డాలర్లు అయినవి. అనగా మిగులు ముఖ్యముగా రోగికి దక్కినది.

మన దేశమున 2019లో ప్రారంభమైన ఈ-సంజీవని ద్వారా ఉచితముగా వైద్య సలహా లభించుచున్నది. నేటి ఫోను వెనుకటి పరికరములవలె ఖరీదైనది కాదు. కాని ఫోటో స్పష్టముగా లేక, రోగి మరల పట్టణమునకు పోవలసివచ్చినచో ఖర్చు రెట్టింపగును. మరియొక హెచ్చరిక: స్పర్శ తెలియని మచ్చను ఫోటో పట్టియీయజాలదు. అది కుష్ఠు కావచ్చును. వైద్యుడో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తయో తాకి పరీక్షింపవలెను. ఉచితముగా లభించు మందులను 6 నుండి 12 నెలలు వాడిన కుష్ఠు నయమగును. ఆలస్యమైనచో చేతులకు, కాళ్లకు కలిగెడి వైకల్యమునకు ఏ లెక్కయు చాలదు.

కావున మీరు చేయదగిన పనులు కొన్ని గలవు. ఉపకేంద్రములో పగటి వెలుతురు బాగుగా వచ్చు గదిని, ఫోను సంకేతము చక్కగా అందు ఏర్పాటును చూడుడు. వారమునకొక పూటను చర్మరోగులకై నిర్ణయింపుడని ఆరోగ్య సిబ్బందిని కోరుడు. రోగి సమ్మతి లేనిదే ఫోటో తీయరాదు. స్త్రీలకు చాటు ఉండవలెను. దుకాణములో అడిగి కొన్న స్టెరాయిడు పూతమందు తామరను ముదురబెట్టునని చాటింపుడు. రోగుల పేర్లు లేకుండ ఒక పుస్తకములో దూరము, ఛార్జీ, పోయిన కూలి, ఫోనులో చూపించిన పిమ్మటను పట్టణమునకు పోయినవారి సంఖ్య వ్రాయింపుడు. ఆరు నెలలలో మీ ఊరికేది చౌకయో ఆ పుస్తకమే చెప్పును. పట్టణము చేరువనున్న ఊరి లెక్క వేరు, దూరపు తండా లెక్క వేరు.

ఆసుపత్రి పద్దుతోపాటు రోగి పద్దును కూడ చూచునదియే పంచాయతీ. ఆ లెక్కను వ్రాయు భారమును మీకప్పగించి సెలవు తీసుకొనుచున్నాను.