మూసిన పెట్టె

మొన్న మా మనుమడు సెల్‌ఫోనులో ఆటాడుచు, "తాతయ్యా, ఒక్క పెట్టె కొనిపెట్టవూ?" యని యడిగెను. అందేమున్నదంటిని. "కొంటేగాని తెలియదు" అనెను.

సంతలో వంకాయనైనను పుచ్చు చూచి కొనువారము మనము. ఈ పెట్టెలో మేలివస్తువున్నదో, చిల్లరవస్తువున్నదో, సొమ్ము చెల్లింపనిదే తెలియదు. ఆట ఉచితమే, వర్తకమంతయు ఆశతోడనే.

2018 ఏప్రిలులో బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము ఇట్టి పెట్టెలు జూదమేయని నిర్ణయించెను. పొరుగుననున్న నెదర్లాండ్సులోనో, ఒక ఫుట్‌బాలు ఆటయందలి ఇట్టి పొట్లములను జూదముగా నెన్నరాదని 2022 మార్చిలో తీర్పు వచ్చెను. పొరుగుదేశముల చట్టములే యేకీభవింపలేదు.

పాచికలకు రాజ్యము నోడిన ధర్మరాజు కథ నెఱిగిన పెద్దలము. మన యింటి తీర్పు మనమే చెప్పవలెను. పిల్లలను కసరవలదు. "లోన నేమున్నదో ముందు చూపినచో కొందము" అనుడు.

నేనట్లే యంటిని. వాడు కొంతసే పలిగి, పిదప నాతో పులి-మేక ఆటకు కూర్చుండెను. అందు గెలుపు బుద్ధికే గాని సొమ్మునకు దక్కదు. ఆనాడు నన్ను వాడే యోడించెను.