హోమర్‌కు జవాబు చెప్పిన వారసులు

పాశ్చాత్య నాగరికతకు హోమర్ ఆదిపురుషుడన్న మాట ఎంతగా నలిగిపోయిందంటే, దాని అర్థమేమిటని అడగడం కూడా మనం మానేశాం. హోమర్ పాడిన దేవతలకు యూరప్‌లో పూజలు దాదాపు ఆగిపోయి పదిహేను వందల ఏళ్లు దాటింది. పరువు కోసం ప్రాణాలు తీయడం, చెరపట్టిన స్త్రీలను యుద్ధ బహుమానాలుగా పంచుకోవడం వంటి వీరధర్మాలను ఇవాళ దాదాపు ఎవరూ సమర్థించరు. నమ్మకాలూ పోయి, నీతీ పోయాక మిగిలిన ప్రభావం ఏమిటి? నాకు తోచిన సమాధానం ఇది: హోమర్ వారసులు ఆయన మాట వినడం వల్ల కన్నా, ఆయనకు ఎదురు జవాబు చెప్పడం వల్లనే ఎక్కువ ఎదిగారు. ఆ అలవాటుకు విత్తనం ఆయన కావ్యాలు ‘ఇలియడ్’, ‘ఒడిస్సీ’ల్లోనే ఉంది.

ముందు ‘ఇలియడ్’నే చూద్దాం. సుమారు 15,700 పాదాల ఈ కావ్యం పదేళ్ల ట్రాయ్ యుద్ధంలో చివరి ఏటి నుంచి సుమారు యాభై రోజుల కాలాన్ని మాత్రమే తీసుకుంటుంది. కొయ్యగుర్రం ఇందులో లేదు, ట్రాయ్ పతనమూ లేదు. కథ మొదలయ్యేది శత్రువుతో పోరుతో కాదు, సొంత సేనాధిపతి అయిన రాజు అగమెమ్నాన్‌తో గ్రీకు వీరుడు అకిలీస్ పెట్టుకున్న తగవుతో. రెండో సర్గలో థెర్సిటీస్ అనే అనాకారి, పేరూ ఊరూ లేనివాడు, నిండు సభలో లేచి రాజు దురాశను కడిగేస్తాడు. తొమ్మిదో సర్గలో, రాజు పంపిన కానుకలను తోసిపుచ్చుతూ అకిలీస్ వీరధర్మం పునాదినే ప్రశ్నిస్తాడు: పిరికివాడికీ వీరుడికీ చివరికి దక్కేది ఒకటే చావైతే, పోయిన ప్రాణాన్ని ఏ సంపదా తిరిగి కొనలేకపోతే, ఈ పోరు దేనికి? ఇక చివరి సర్గలో ట్రాయ్ రాజు ప్రయామ్ తన కొడుకు హెక్టర్‌ను చంపిన అకిలీస్ చేతులనే ముద్దాడి శవాన్ని అడుగుతాడు. తన తండ్రి గుర్తొచ్చి అకిలీస్ కూడా ఏడుస్తాడు. గ్రీకుల కావ్యం గ్రీకుల విజయంతో ముగియదు, శత్రువీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. తాను కీర్తించే విలువలను తానే నిలదీసే కావ్యమిది.

థెర్సిటీస్‌ను గ్రీకు నాయకుల్లో ఒకడైన ఒడిస్యూస్ రాజదండంతో కొడితే సైన్యం నవ్వింది కదా, కవి రాజు పక్షమే కదా అనవచ్చు. ఆ దృశ్యంలో కవి సానుభూతి థెర్సిటీస్ మీద లేదన్నది నిజమే. కానీ అతను రాజుపై మోపిన నేరమూ, మొదటి సర్గలో అకిలీస్ మోపిన నేరమూ దాదాపు ఒకటే. దెబ్బ తిన్నవాడి వాదన కావ్యంలో చెక్కుచెదరకుండా నిలిచింది. ఎవరి పక్షం వహించాలో తేల్చుకునే స్వేచ్ఛ వినేవాళ్లకు దక్కింది.

ఆ స్వేచ్ఛను గ్రీకులు గట్టిగానే వాడుకున్నారు. హోమర్ దేవతలకు దొంగతనమూ వ్యభిచారమూ అంటగట్టాడని క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే తత్త్వవేత్త జెనోఫనీస్ దుయ్యబట్టాడు. ప్లేటో తన ‘రిపబ్లిక్’లో, గ్రీసుకు చదువు చెప్పినవాడు హోమరే అనే వాళ్లను ప్రస్తావించి మరీ, ఆదర్శ రాజ్యంలో అలాంటి కవిత్వానికి చోటు లేదన్నాడు. ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్ గురువుకు జవాబుగా, యుద్ధమంతా చెప్పబోకుండా ఒకే ఇతివృత్తాన్ని ఎంచుకున్న హోమర్ నేర్పు నుంచి కావ్యశాస్త్ర సూత్రాలు తీశాడు. అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో జెనోడొటస్, తర్వాత అరిస్టార్కస్ ప్రతులను పోల్చి పాఠాన్ని పరిష్కరించారు. అనుమానమున్న పాదాన్ని కొట్టేయకుండా దాని పక్కన చిన్న అడ్డగీత గీసే పద్ధతి వాళ్లది. మూలమూ దాని మీద సందేహమూ ఒకే పుటలో ఉండేవి. అలాంటి గుర్తులను వెనిస్‌లో ఉన్న 10వ శతాబ్దపు ‘ఇలియడ్’ రాతప్రతిలో ఇప్పటికీ చూడవచ్చు. తత్త్వశాస్త్రం, సాహిత్యవిమర్శ, గ్రంథపరిష్కరణ మూడూ హోమర్‌తో జరిగిన ఈ వాదులాటలో పదునెక్కాయి.

శత్రువు దుఃఖం విషయంలోనూ ఇంతే. సలమిస్ దగ్గర పర్షియన్లను ఓడించిన ఎనిమిదేళ్లకు, క్రీ.పూ. 472లో, నాటకకర్త ఏస్కిలస్ ఎథెన్స్ రంగస్థలం మీద పర్షియన్ల రాజసభను నిలిపి, ఓడినవాళ్ల ఏడుపును గెలిచినవాళ్లకు వినిపించాడు. మీలోస్ ద్వీపంలో పురుషులను చంపి స్త్రీలను, పిల్లలను ఎథెన్స్ బానిసలుగా అమ్మిన కొద్ది నెలలకే, క్రీ.పూ. 415లో, యూరిపిడీస్ ‘ట్రాయ్ స్త్రీలు’ ప్రదర్శించాడు. ప్రయామ్ కన్నీళ్లకు చోటిచ్చిన కావ్యాన్ని వింటూ పెరిగిన ప్రేక్షకులు లేకపోతే ఈ నాటకాలను ఊహించడం కష్టం.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. పశ్చిమ రోమన్ సామ్రాజ్యం కూలాక పశ్చిమ యూరప్ సుమారు వెయ్యేళ్లు హోమర్‌ను చదవలేకపోయింది. 1354లో గ్రీకు ప్రతి చేతికొచ్చినా పెట్రార్క్ దాన్ని చదవలేకపోయాడు. 1360లలో లియోన్జియో పిలాటో లాటిన్ అనువాదం చేశాడు. మూలం అచ్చయింది 1488లో, ఫ్లోరెన్స్‌లో. చదవనిది ప్రభావమెలా చూపింది? జవాబుల ద్వారానే చూపింది. ఆ వెయ్యేళ్లూ యూరప్ చదివిన వర్జిల్ ‘ఈనియడ్’ హోమర్‌కు అడుగడుగునా ఇచ్చిన జవాబే. ఓడిపోయిన ట్రాయ్ నుంచి ఈనియస్ అనే నాయకుణ్ణి తెచ్చి రోముకు మూలపురుషుణ్ణి చేశాడు వర్జిల్. ముగింపులో శత్రువు టర్నస్ తండ్రి పేరెత్తి వేడుకుంటాడు. ఈనియస్ ఒక్క క్షణం తటపటాయించి, చనిపోయిన మిత్రుడి నడికట్టు టర్నస్ ఒంటి మీద కనబడగానే పొడిచేస్తాడు. అకిలీస్ కరిగిన చోట ఈనియస్ కరగలేదు. సామ్రాజ్య స్థాపనకు చెల్లించే మూల్యమేమిటో ఆ ఒక్క తేడా చెబుతుంది. హోమర్‌ను చదవని డాంటే కూడా, ‘ఒడిస్సీ’లో ఇంటికి చేరిన ఒడిస్యూస్‌ను, ఇల్లు చేరకుండానే హద్దులేని సముద్రంలో మునిగిపోయే యూలిసిస్‌గా మార్చి నరకంలో పెట్టాడు.

మరో అభ్యంతరం: అలెగ్జాండర్ ‘ఇలియడ్’ ప్రతిని బాకుతో పాటు తలగడ కింద పెట్టుకునేవాడని ప్లూటార్క్ రాశాడు. అలాంటప్పుడు ఈ కావ్యం దండయాత్రలకు ఊపిరి పోయలేదా? పోసింది. కానీ ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడిన రోజుల్లో తత్త్వవేత్త సిమోన్ వేయ్ అదే కావ్యాన్ని, బలప్రయోగం దాన్ని చేపట్టినవాణ్ణి కూడా రాయిగా మారుస్తుందన్న సత్యానికి సాక్ష్యంగా చదివింది. ఇద్దరి పఠనాలకూ ఆధారం ఆ పుటల్లోనే ఉంది. పొగడ్త, ఖండన పక్కపక్కనే ఉన్న పుస్తకం ఏ ఒక్క విజేతకూ పూర్తిగా లొంగదు.

పూర్వకావ్యాన్ని నిలదీయడం పాశ్చాత్యుల సొత్తా అని తెలుగు పాఠకులు అడగడం న్యాయమే. ‘శంబుకవధ’ రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి, ‘రామాయణ విషవృక్షం’ రాసిన రంగనాయకమ్మ మనవాళ్లే. ఆ గుణం ఒక నాగరికతకే పుట్టుకతో అబ్బిందని నేననడం లేదు. ఆ మాటకొస్తే హోమర్ కూడా పూర్తిగా పశ్చిమానికి చెందడు. ఆయన భాషలో ప్రధానమైన అయోనియన్ మాండలికం నేటి టర్కీ తీరంలో వినిపించినది. అకిలీస్ మిత్రశోకంలో మెసొపొటేమియాకు చెందిన గిల్గమేష్ కథ జాడలను పండితులు చూపారు. ఆ కావ్యాల పాఠం నిలిచింది ఈజిప్టులో, కాన్‌స్టాంటినోపుల్‌లో. పశ్చిమం పుట్టుకతో పొందిన ఆస్తి కాదిది, ఆలస్యంగా అందుకుని వాదించి సొంతం చేసుకున్నది.

అందుకే నేటికీ ఆ వరస ఆగలేదు. ‘ఒడిస్సీ’లో ఉరికి వేలాడిన పన్నెండుమంది దాసీలకు మార్గరెట్ ఆట్‌వుడ్ 2005లో గొంతునిచ్చింది. కరీబియన్ ద్వీపం సెయింట్ లూసియా జాలరులకు అకిలీస్, హెక్టర్ పేర్లు పెట్టి డెరెక్ వాల్కాట్ 1990లో ‘ఓమెరోస్’ రాశాడు. వలసపాలకుల బడి నేర్పిన హోమర్‌ను వలసపాలితుడు తనవాణ్ణి చేసుకున్నాడు. ఒక ప్రాచీన గ్రంథం బతికి ఉందో లేదో తేల్చడానికి దాన్ని ఎందరు నెత్తిన పెట్టుకున్నారో లెక్కిస్తే చాలదు. దాన్ని నిలదీసినవాళ్లను అది ఎంత గొప్ప రచయితలుగా మలచిందో చూడాలి. ఆ కొలతలో హోమర్ ప్రభావం మనం పాఠ్యపుస్తకాల్లో చెప్పుకునేదానికన్నా పెద్దది. మన విశ్వవిద్యాలయాల్లో ప్రాచీన కావ్యాలు బోధించేటప్పుడు, వాటిని ప్రశంసించే వ్యాసంతో పాటు వాటిని గట్టిగా ఖండించే వ్యాసం కూడా విద్యార్థి చేత రాయించాలని కోరుతున్నాను.