విడాకుల తర్వాత పాపను ఎట్ల పెంచాలె: ఫోన్‌లో క్లాసా, పోయి ఎదురుగ కూర్చునుడా?

దేవరకొండ నుంచి మాట్లాడుతున్న. షాపు షట్టర్ సగం దించి రికార్డ్ చేస్తున్న, మధ్యల బస్సు హారన్ వినిపిస్తే ఏమనుకోకండి.

ఈ ఎపిసోడ్ చేద్దామా వద్దా అని రెండు నెలలు ఆలోచించిన. ఎందుకంటే ఇది ఫోన్ రిపేర్ ముచ్చట కాదు, నా సొంత ముచ్చట. నాకు విడాకులైనయని మీలో చాలామందికి తెలుసు. పోయినసారి మాటల్లో మాటగా ఒకటి అన్న, విడిపోయిన అమ్మానాన్నలకు కూడా క్లాసులుంటయి, నేను చేసిన అని. దాని మీద వచ్చిన మెసేజ్‌లు చూస్తే, మన చుట్టూ ఇంతమంది ఇదే పరిస్థితిలో ఉన్నరా అనిపించింది. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "అన్నా, ఆన్‌లైన్‌లో చేస్తే చాల్తదా, పోయి కూర్చోవాల్నా?"

దానికి ముందు, నేను అసలు క్లాసు దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలె.

మా పాపకు ఆరేండ్లు. వాళ్ళమ్మ హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ దిక్కు ఉంటది. రెండు వారాలకోసారి శనివారం నేను పాపను తీసుకొస్త, ఆదివారం సాయంత్రం అప్పజెప్త. ఆమె దేవరకొండ దాకా రాలేదు, నేను ప్రతిసారీ ఎల్బీనగర్ పోలేను, అందుకే మధ్యలో ఇబ్రహీంపట్నం బస్టాండ్ అనుకున్నం. ఆమెకు మహాలక్ష్మి కింద బస్సు ఫ్రీ, నాకేమో టికెట్. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరం ఇప్పటికీ నవ్వుకుంటం.

ఒక ఆదివారం బస్సు మాల్ దాటింది. పాప నా మీద ఒరిగి నిద్రపోయింది అనుకున్న. మెల్లగ నా చెవి దగ్గరికి వచ్చి, "డాడీ, నేను ఇక్కడ నవ్విన అని అమ్మకు చెప్పకు" అన్నది. ఎందుకు బిడ్డా అంటే, "అక్కడ నవ్విన అని నేను నానమ్మకు చెప్పనుగా" అన్నది.

నాకు ఇబ్రహీంపట్నం వచ్చేదాకా మాట రాలే. మేమిద్దరం పాప ముందు ఎన్నడూ కొట్లాడలే, ఒక్క బూతు మాట అనలే. మరి ఈ పిల్లకు ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక్కడ కొంచెం చట్టం ముచ్చట, ఓపికగా వినండి. మాది పరస్పర అంగీకారంతో విడాకులు, హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్. కనీసం ఏడాది విడిగా ఉన్నంక ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలె, ఆ తర్వాత ఆర్నెల్లు ఆగాలె. కోర్టుకు సరే అనిపిస్తే ఆ ఆర్నెల్లు మాఫీ చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పిల్లల కస్టడీ, భరణం లాంటివి ముందే నిజంగా తేల్చుకొని ఉండాలె అని కూడా చెప్పింది. ఇక 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, రాజీకి ప్రయత్నం చేయించుడు కోర్టు బాధ్యత.

మాకూ కౌన్సెలింగ్ అయింది, రెండుసార్లు. రెండుసార్లూ ఒకటే మాట: "పిల్ల మొఖం చూసి కలిసుండండి." చెప్పినోళ్ళ మనసు మంచిదే. కానీ మేం కలిసుండం అని తేలినంక, ఆ పిల్లతో ఎట్ల ఉండాలె అన్నది ఎవరూ చెప్పలే. పాప ఎవరి దగ్గర, నెలకు ఎంత, ఎన్ని రోజులు, అన్నీ కాయితం మీద రాసుకున్నం. రాత్రి పది గంటలకు పాప లేచి "అమ్మ ఎందుకు రాలే" అని అడిగితే ఏం చెప్పాలె అన్నది ఆ కాయితంలో లేదు. 2015లో లా కమిషన్ 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీ గురించి, పిల్లల పెంపకం ప్లాన్ గురించి రాసింది. కానీ విడాకులు తీసుకునే ప్రతి అమ్మానాన్న ఒక క్లాసు వినాలె అనే చట్టం మన దగ్గర లేదు.

అమెరికాలో ఉంది, అన్ని రాష్ట్రాల్లో ఒకే తీరుగా కాదు. ఫ్లోరిడాలో మైనర్ పిల్లలుండి విడాకులకు పోతే కనీసం నాలుగు గంటల కోర్సు చేయాలె. టెక్సాస్‌లో కోర్టు ఆర్డర్ వేయొచ్చు, అక్కడ కూడా తక్కువలో తక్కువ నాలుగు గంటలు. మా మేనత్త కొడుకు డల్లాస్‌లో ఉంటడు, ఆయనదీ నా కథే. బస్సులో పాప అన్న మాట ఆయనకు ఫోన్‌లో చెప్పిన. "అరే బామ్మర్దీ, నేను చేసిన కోర్సు నువ్వు కూడా చెయ్, పైసలు నేను కడుత" అని లింక్ పంపిండు. తర్వాత ఆయనే నవ్వి, "ఒకటి చెప్తా విను, నేను గిన్నెలు కడుక్కుంట విన్న. సర్టిఫికెట్ వచ్చింది. ఏం విన్ననో మాత్రం అడగకు" అన్నడు.

నేను గిన్నెలు కడుక్కుంట వినలే. రాత్రి షాపు మూసి, డాబా మీదికి పోయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని, కింద అక్షరాలు వేసుకొని, ఆపుకుంట ఆపుకుంట విన్న. నాలుగు గంటల కోర్సు నాకు తొమ్మిది రాత్రులు పట్టింది. నిజంగా పనికొచ్చింది, అబద్ధం ఎందుకు. పిల్లతో కబురు పంపొద్దు అని ఒక పాఠం ఉంటది. నేను ప్రతి ఆదివారం "మీ అమ్మకు చెప్పు, స్కూల్ ఫీజు రసీదు పంపమని" అనేటోన్ని. అందులో తప్పేముందో నాకు తెల్వదు. పాఠంలో ఒక పిల్లగాడు అట్లనే రెండు ఇండ్ల మధ్య మాటలు మోసుకుంట తిరుగుతడు, ఏ మాటకు ఎవరు కోపానికి వస్తరో అని భయపడుకుంట. అది చూసి వీడియో ఆపి చానాసేపు కూర్చున్న. అక్కడ ఎవరన్నా ఉంటే నేను ఒప్పుకోకపోదును, ఏదో ఒక సాకు చెప్పేటోన్ని. డాబా మీద ఎవరూ లేరు కాబట్టి ఒప్పుకున్న. ఆన్‌లైన్‌లో ఉన్న గొప్ప లాభం నాకు ఇదే అనిపించింది, టైం మిగులుడు కాదు.

కానీ ఆ కోర్సులో ఎప్పుడు చూసినా ఇద్దరే మనుషులు. రెండు ఇండ్లు, రెండు కార్లు, క్రిస్మస్ సెలవులు ఎవరికి సగం అనే లెక్క. దాంట్లో నానమ్మ లేదు, మేనమామ లేడు, పెద్దమనుషుల పంచాయితీ లేదు. మన దగ్గర పెండ్లి రెండు ఇండ్లకైతది, విడాకులు కూడా రెండు ఇండ్లకే అయితయి. ఇక చివర పరీక్ష ఉంటది: పిల్లల ముందు అవతలివాళ్ళను తిట్టొచ్చా, అవునా కాదా? దానికి తప్పు జవాబు పెట్టే మొగోడు ఎవడుంటడు చెప్పండి, తిట్టేటోడు కూడా "కాదు" అనే పెడతడు.

అదే లింక్ పాప వాళ్ళమ్మకు పంపిన. వారం తర్వాత మెసేజ్ పెట్టింది: "మా అన్న వాళ్ళింట్ల రెండు రూములు. బాత్రూంలో కూర్చొని వినాల్నా?" నేను దాని గురించి ఆలోచించనే లేదు. ఆన్‌లైన్ అంటే ప్రైవసీ అనుకుంటం, నాకు డాబా ఉంది కాబట్టి నాకు ప్రైవసీ. ఆమెకు గది దాటి పోతేనే ప్రైవసీ. అందుకే ఆమెనే అన్నది, ఎవరన్నా మంచి కౌన్సెలర్ దగ్గర ఒకసారి ఎదురుగ కూర్చుందాం, పెద్దోళ్ళను కూడా తీసుకొని అని.

మా అమ్మ ఒప్పుకోలే. "ముసలిదాన్ని, నాకేం క్లాసు కొడకా" అన్నది. పాప బస్సులో అన్న మాట చెప్పిన. మారు మాట్లాడకుండ పొద్దున్నే చీర మార్చుకొని బయటికొచ్చింది.

హైదరాబాద్‌లో ఒక మేడం దగ్గర నలుగురం కూర్చున్నం: నేను, పాప వాళ్ళమ్మ, మా అమ్మ, పాప వాళ్ళ తాత. ఒకప్పుడు నన్ను అల్లుడా అని పిలిచిన మనిషి, ఆ రోజు "బాబూ" అన్నడు. అది కొంచెం గుచ్చుకున్నది. మేడం నన్ను పెద్దగా ఏం అడగలే. మా అమ్మ దిక్కు తిరిగి, "అమ్మా, పాప వచ్చినప్పుడు మీరేం మాట్లాడుకుంటరు?" అన్నది.

మా అమ్మ సంబురంగానే చెప్పింది. "అన్నీ అడుగుత. మీ అమ్మ ఏం వండింది, ఇంటికి ఎవరొచ్చిండ్రు, పొద్దున ఎన్నింటికి లేస్తది, అన్నీ."

"పాప ఏమంటది?"

"ఏమనదు. మూగమొద్దు లెక్క కూసుంటది."

నేను ఆ ప్రశ్నలు ఏడాది నుంచి అన్నం తినేటప్పుడు వింటున్న. ప్రేమ అనుకున్న. మేడం కొంచెం ఆగి, "మీరు కొత్తగ అత్తగారింటికి వచ్చినప్పుడు, మీ తల్లిగారింటి గురించి మీ అత్త అడిగేదా?" అన్నది.

మా అమ్మ చానాసేపు మాట్లాడలే. ఆఖరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "అడిగేది. మా అవ్వ కట్టుకున్న చీర గురించి కూడా అడిగేది. నేనేం చెప్పకపోదును" అన్నది. అవతల పాప వాళ్ళ తాత తల దించుకున్నడు. ఆయన కూడా పాప వాపసు పోంగనే "మీ నాయిన పైసలిచ్చిండా" అని అడుగుతడంట. ఆ సంగతి ఆ రోజు ఆయనే చెప్పిండు.

మా అమ్మతో ఆ మాట నేను చెప్తే కొట్లాట అయితుండె. వీడియో చూపిస్తే మధ్యలో లేచి పోతుండె. మనిషి ఎదురుగ ఉండి, ఆమె వయసుకు తగ్గ ప్రశ్న అడిగినందుకే అది జరిగింది.

అయితే ఖర్చు సంగతి కూడా చెప్పాలె. దేవరకొండ నుంచి హైదరాబాద్ నూటపది కిలోమీటర్ల దాకా ఉంటది. ఫీజు, బస్సు, షాపు బంద్, అన్నీ కలిపితే నాకు రెండు రోజుల సంపాదన పోయింది. కూలికి పోయేటోళ్ళకు, తండాల నుంచి వచ్చేటోళ్ళకు ప్రతి వారం పోయి కూర్చో అని చెప్పుడు అన్యాయం. అందుకే నా లెక్క ఇది: మొదటిసారి మాత్రం ఎట్లన్నా చేసి ఎదురుగ కూర్చోండి, పిల్లతో రోజూ మాట్లాడే పెద్దోళ్ళను తీసుకపోండి. తర్వాతవి ఫోన్‌లో చేసుకోండి.

ఈ కొట్లాట సుప్రీంకోర్టులో కూడా అయింది. అది క్లాసుల గురించి కాదు, భార్యాభర్తల కేసుల విచారణ గురించి, కానీ ప్రశ్న అదే. 2017 మార్చిలో కృష్ణవేణి నాగం కేసులో, దూరం ఉన్నోళ్ళకు వీడియో కాన్ఫరెన్స్ వాడొచ్చు అన్నరు. అదే ఏడాది అక్టోబర్‌లో సంతిని కేసులో ముగ్గురు జడ్జీలలో ఇద్దరు కాదన్నరు: ముందు ఎదురెదురుగ రాజీ ప్రయత్నం జరగాలె, అది కుదరకపోతే, ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో అన్నరు. జస్టిస్ చంద్రచూడ్ ఒక్కరే ఒప్పుకోలే. తర్వాత కరోనా వచ్చి అందరినీ స్క్రీన్ ముందు కూర్చోబెట్టింది. 2020 జనవరిలో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. పిల్ల ఎవరి దగ్గర లేదో వాళ్ళకు, చూసే హక్కుతో పాటు ఫోన్‌లో, వీడియో కాల్‌లో రోజూ కాసేపు మాట్లాడే హక్కు కూడా ఉండాలె అని. మేం రాత్రి ఏడున్నరకు పది నిమిషాలు పెట్టుకున్నం.

ఒక్క విషయంలో మాత్రం నేను చెప్పిన లెక్క పట్టించుకోకండి. ఇంట్లో కొట్టుడు, బెదిరించుడు జరిగి ఉంటే, ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టుమని ఎవరు చెప్పినా వినొద్దు. అక్కడ ఫోన్‌లో చేసుడో, వేరే వేరే టైంలకు పోవుడో మంచిది, ఆ మాట కౌన్సెలర్‌కు ముందే చెప్పండి. మహిళా హెల్ప్‌లైన్ 181. లాయర్ కావాలంటే న్యాయ సేవల నంబర్ 15100. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండ ఉచితం, 1987 చట్టంలోనే ఉంది. మనసు బాగలేక నిద్ర రాకపోతే టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడతరు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

పోయిన నెల రెండో సెషన్ వీడియో కాల్‌లో పెట్టినం. ఒక్క రూపాయి బస్సు ఖర్చు లేదు, అందరం టైంకు వచ్చినం. మా అమ్మ మాత్రం అరగంటలో ఒక్క మాట మాట్లాడలే. ఫోన్‌లో తన మొఖమే తను చూసుకుంట, కొంగు సర్దుకుంట కూర్చున్నది. కాల్ అయినంక "మేడంకు మొన్నటి సంది దగ్గు తగ్గిందా అని అడుగుదామనుకున్న, ఎక్కడ ఒత్తాల్నో తెల్వలే" అన్నది. పాపను మాత్రం ఇప్పుడు ఒక్కటే అడుగుతది, అన్నంలో నెయ్యి వేయాల్నా వద్దా అని. మొన్న ఆదివారం మాత్రం నోరు జారి "మీ అమ్మ..." అని మొదలుపెట్టి, నా దిక్కు చూసి, "మీ అమ్మ నెయ్యి వేస్తదా" అని ఆగింది. పాప "కొంచెమే" అన్నది.

షట్టర్ కొడుతున్నరు, ఎవరో గిరాకీ వచ్చినట్టుంది. మీ ఇండ్లలో నానమ్మలను, తాతలను ఫోన్ ముందు మాట్లాడించే ఉపాయం ఎవరి దగ్గరన్నా ఉంటే నాకు చెప్పండి. ఉంటా మరి.